బాబాయి ఇల్లు పెరిగింది

సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందేలు చూడ్డానికి వచ్చే జనానికి లాడ్జీల్లో గదులు దొరకడం కష్టం. ఆ సంగతి మా బాబాయి చెవిన పడింది, పిన్నికి మనశ్శాంతి పోయింది. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటగానే దిండిలో మా బాబాయి మండువా లోగిలి. పండక్కి దాన్ని హోమ్‌స్టే కింద అద్దెకిస్తాడట. ఫొటోల పని నా నెత్తిన పడింది.

మండువా ఇల్లు కంటికి ఎంత అందమో ఫోనుకి అంత తలనొప్పి. నడిమధ్యన ఎండ, చుట్టూ చీకటి వసారాలు. ఎండలోకి గురిపెడితే గదులు కనపడవు, గదులకి గురిపెడితే మండువా అంతా తెల్లగా మాడిపోతుంది. మబ్బు పట్టిన పూట, లైట్లన్నీ వేసి తియ్యడం ఒక్కటే దారి.

"పట్టపగలు లైట్లేంట్రా? బిల్లు నీ టూరిస్టులు కడతారా?" అంటూ పిన్ని నా వెనకే ఒక్కో స్విచ్చీ ఆర్పుకుంటూ వచ్చింది.

పడగ్గది ఫొటో మాత్రం అదిరింది అనుకున్నాం. పెద్దది చేసి చూస్తే బీరువా అద్దంలో బాబాయి: లుంగీ ఎగ్గట్టి, నోట్లో వేపపుల్లతో, నాకు "ఎడమకి, ఎడమకి" అని చేతులూపుతూ. పక్కకి జరగమంటే జరిగాడు, పాపం. రెండో ఫొటోలో కిటికీ ఊచల వెనక తేలాడు, అదే వేపపుల్లతో. ఆ ఫొటో చూస్తే ఎవరైనా జైలు గదిని అద్దెకిస్తున్నారనుకుంటారు.

చివరికి మూలకి ఒదిగి నిలబడి, ఫోన్ అడ్డంగా ఛాతీ ఎత్తున పట్టుకుని, కెమెరాలో గదంతా వెడల్పుగా పట్టే జీరో పాయింట్ ఫైవ్ నంబరు నొక్కాను. పదీ బై పది గది కల్యాణమండపం అయి కూర్చుంది! అంచున ఉన్న ముక్కాలిపీట బల్లంత సాగింది. బాబాయి ఆనందం పట్టలేక, బేరాల సంగతి తర్వాత చూద్దామని, ముందు ఆ ఫొటోల్ని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

అరగంటలో హైదరాబాద్ నుంచి తోడల్లుడు ఫోన్. "ఆ వెనక హాలు ఎప్పుడు వేయించారన్నయ్యగారూ, చెప్పనే లేదు! ఇరుకనే మొహమాటంతో ఇన్నేళ్లూ రాలేదు. ఈ పండక్కి పిల్లలూ, అల్లుళ్లూ, వియ్యాలవారూ, అందరం దిగుతున్నాం."

పక్క గదిలోంచి పిన్ని గొంతు: "రండి రండి, మీ ఇల్లు కాదూ!"

బాబాయి ఫోన్ పెట్టేసి నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఒరేయ్, గదిని చిన్నది చేసే నంబరు కూడా ఏదో ఉండే ఉంటుంది కదా. దాంతో ఇంకోసారి తియ్యి."