నిద్ర లేపి చూస్తే అంకె బాగానే ఉంటుంది
ఆపరేషన్ అయిన పేషెంటుకు వార్డులో నాలుగు గంటలకోసారి ఆక్సిజన్ చూస్తే సరిపోతుందని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. నిరుడు మా అమ్మకు గాల్ బ్లాడర్ తీసేశారు. ఆ రాత్రి సిస్టర్ వచ్చి భుజం తట్టి లేపి, రక్తంలో ఆక్సిజన్ కొలిచే క్లిప్పు వేలికి పెట్టారు. 96 శాతం. రాసుకుని వెళ్లారు. ఆవిడ గుమ్మం దాటారో లేదో అమ్మకు మళ్లీ గురక మొదలైంది. ఎందుకో అనుమానం వచ్చి, కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ సంచిలోంచి తీసి పెట్టాను. 91, 89, 87... నా చేతులు వణికాయి. పరుగున వెళ్లి పిలుచుకొస్తే, మంచం తలవైపు ఎత్తి ఆక్సిజన్ పెట్టారు. మనిషిని లేపి పలకరిస్తే గట్టిగా ఊపిరి తీసుకుంటారు, అంకె పెరుగుతుంది. అసలు ముప్పు నిద్రలోనే. కోత నొప్పికి ఊపిరి పైపైనే ఆడుతుంది, ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుంటాయి. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ లాంటి మందులు శ్వాసను ఇంకా నెమ్మది చేస్తాయి. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రి వాళ్లు ఆపరేషన్ అయిన 833 మందికి ఆపకుండా ఆక్సిజన్ కొలిచి 2015లో ఫలితాలు ప్రచురించారు. గంట, అంతకంటే ఎక్కువసేపు ఆక్సిజన్ 90 కంటే తక్కువలో ఉన్న సందర్భాల్లో 90 శాతం నర్సుల రికార్డులకు ఎక్కనే లేదు. తప్పు సిస్టర్లది కాదు, ఒక్కరే అన్ని మంచాలు చూసుకోవాలి కదా. కనీసం మొదటి రెండు రాత్రులైనా, గురక పెట్టేవాళ్లకూ లావుగా ఉన్నవాళ్లకూ క్లిప్పు తీయకుండా ఉంచాలి.