సవరణ: రిబెరా బొమ్మ ఎచింగే

చిత్రకారుడు హుసెపె దె రిబెరా 1624లో చేసిన 'పునీత బర్తొలొమయి వేదసాక్షి మరణం' (ఏసు శిష్యుడు బర్తొలొమయి విశ్వాసం కోసం ప్రాణం విడిచిన దృశ్యం) అనే బొమ్మ గురించి మొన్న రాసినప్పుడు, దాన్ని ఉలితో రాగి రేకు మీద చెక్కాడని అన్నాను. తప్పు. అది ఎచింగ్. రేకుకి మైనం లాంటి పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. తర్వాత ఆమ్లంలో ముంచితే గీత పడ్డచోటే రాగి కరుగుతుంది. ఆ గాడిలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. లోహంతో పెనుగులాట ఉండదు కాబట్టి చెయ్యి పెన్నుతో గీసినంత తేలిగ్గా కదులుతుంది. బర్తొలొమయి చర్మం ఒలిచే ఆ భయంకరమైన దృశ్యంలో గీతలు అంత సహజంగా ఉండటానికి కారణం ఇదే. అసలు మెచ్చుకోవలసిన సంగతినే నేను తారుమారు చేశాను!

ఇంకొకటి. రిబెరాని ఇటలీవాడు అన్నాను. పుట్టింది 1591లో, స్పెయిన్‌లోని వలెన్సియా దగ్గర జతివాలో. 1616 నుంచి 1652లో చనిపోయేదాకా ఉన్నది ఇటలీలోని నేపుల్స్‌లో, అదీ అప్పుడు స్పెయిన్ ఏలుబడిలోనే ఉండేది. ఇటలీవాళ్లు ఆయన్ని 'లో స్పాన్యోలెట్టో', అంటే 'చిన్న స్పెయినోడు' అని పిలిచేవారు. ఆ పేరు రాస్తూ కూడా ఇటలీవాడు అన్నానంటే, నిద్రమత్తే.

పాత పోస్టులో రెండూ సరిచేశాను.