వంటింటి దొరకు ఓ అర్జీ

మహారాజశ్రీ డిష్‌వాషర్ దొరగారి సముఖానికి,

నల్గొండ నుంచి తమ బాంచన్ రాసుకునే అర్జీ ఏమనగా,

తమరు మా ఇంట్లో కాలు పెట్టి ఏడాదిన్నర దాటింది. ఆ రోజు అమ్మ తమరికి కొబ్బరికాయ కొట్టి, తలుపు మీద కుంకుమతో స్వస్తిక్ గీసింది. ఆ మరక ఇప్పటికీ అక్కడే ఉంది. లోపలి గిన్నెలు కడగగలరు గానీ తమ మొహం తాము కడుక్కోలేరని మాకు ఆ రోజే తెలియాల్సింది.

తమరు వచ్చింది పనిమనిషి కొలువుకి. మా ఆవిడ బడి నుంచి ఇంటికొచ్చేసరికి ఆరు, నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి ఏడు. సింక్ నిండా పొద్దటి బోళ్లు. "పొద్దున నేను వండిన. రాత్రి మీరు తోమండి" అందామె. అందులో న్యాయం ఉంది. న్యాయమైన మాటకు జవాబు దొరకనప్పుడు మగవాడు ఒక వస్తువు కొంటాడు. అట్లా వచ్చారు తమరు, నెలవారీ వాయిదాల మీద.

మాది వెట్టిచాకిరీ మీద తిరగబడ్డ జిల్లా అని తమరికి చెప్పినవాళ్లు లేరేమో. 1940ల్లో ఇక్కడి జనం దొరల కోటల్లాంటి గడీలకు నీళ్లు మొయ్యం, కట్టెలు మొయ్యం, ఉత్త పుణ్యానికి పని చెయ్యం అని లేచారు. అదే జిల్లాలో ఇప్పుడు నేను తమరికి ఉప్పు మోస్తున్నాను, పొడి మోస్తున్నాను, మెరుపు కోసం రిన్స్ ఎయిడ్ మోస్తున్నాను. జీతం లేదు సరే, వాయిదా కూడా నేనే కడుతున్నాను.

ముందు ఉప్పు సంగతి. ఉప్పు గిన్నెల మీద పడి మురికి వదిలిస్తుందని నేను చాలాకాలం అనుకున్నాను. కాదట. తమ కడుపులో ఒక డబ్బా, దాని నిండా రెజిన్ పూసలు ఉంటాయి. నీళ్లలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని ఆ పూసలు పట్టుకుని, బదులుగా సోడియం వదులుతాయి. పట్టుకుని పట్టుకుని నిండిపోయాక ఉప్పునీళ్లతో కడిగితే మళ్లీ పనికొస్తాయి. ఉప్పు తినేది ఆ పూసలన్నమాట. ఇది తెలియక మొదటిసారి వంటింట్లోని అయోడిన్ ఉప్పు పోశాను. పొడిపొడిగా ఉండటానికి దాంట్లో కలిపేవి తమకు సరిపడవట. రాళ్లలా ఉండే శుద్ధమైన ఉప్పు తెప్పించాలట. అమ్మ సంచి చూసి అడిగింది: "ఉప్పుల గూడ దొరల ఉప్పు వేరేనా బిడ్డా?"

పోసే తీరు కూడా ఒక క్రతువే. కింది ట్రే పక్కన పెట్టి, అడుగున ఉన్న మూత తిప్పి, మొదటిసారి మాత్రం ఉప్పు డబ్బా నిండా నీళ్లు పోసి, గరాటు పెట్టి ఉప్పు వెయ్యాలి. వేసినకొద్దీ ఉప్పునీళ్లు పైకి పొంగుతాయి. అది అట్లా వదిలేస్తే స్టీలుకు తుప్పు పడుతుంది కాబట్టి వెంటనే ఒకసారి యంత్రం తిప్పాలి. సత్యనారాయణ వ్రతానికి కూడా ఇన్ని నియమాలు లేవు.

అయినా గాజు గ్లాసులు తెల్లబడ్డాయి. ఎందుకంటే తమరిని ఏదో మధ్యస్థం కఠినత్వం ఉన్న నీళ్లకు సెట్ చేసి పంపారు, నేను మార్చలేదు. తాగునీళ్ల ఆర్‌ఓ ఫిల్టర్ మార్చే అబ్బాయి టీడీఎస్ మీటర్ ముంచి ఒక అంకె చెప్పి పోయాడు. దాంతో పని జరగదు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ టీడీఎస్‌లోకి వస్తాయి, తమరికి కావలసింది కాల్షియం, మెగ్నీషియం లెక్క ఒక్కటే. దానికి వేరే కాగితం పట్టీలు ఉంటాయి. మా బోరు నీళ్లలో ముంచితే పట్టీ చివరి రంగు దాకా పోయింది. పక్కన ఇంకో గడి ఉంటే అందులోకి కూడా పోయేదే.

తమ పుస్తకం రాసినవాళ్లకు మా నీళ్లు తెలియవు. నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేస్తే, దానికి నల్గొండ టెక్నిక్ అని పేరొచ్చింది. ఒక్కో ఊరి పేరు బిర్యానీకి పెడతారు, చీరకు పెడతారు. మా ఊరి పేరు నీళ్ల జబ్బు మందుకు పెట్టారు. (చీర పేరు పోచంపల్లి కొట్టేసింది. అదీ అప్పట్లో మా జిల్లాయే లెండి.) 2015లో చౌటుప్పల్ దగ్గర మిషన్ భగీరథ పైలాన్ లేచింది, ఆ తర్వాత మా నల్లాకు కూడా నీళ్లొచ్చాయి. అవి తాగడానికి, వంటకు పట్టుకుంటాం. తమరికి మాత్రం మిద్దె మీది ట్యాంకులోని బోరు నీళ్లే.

ఆ తెల్లబడ్డ గ్లాసొకటి అమ్మ కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. "మర్రిగూడల మా పెద్దమ్మ పండ్లు గిట్లనే ఉంటుండె" అంది. ఆ పూట ఇంట్లో ఎవరికీ తమ మీద జోకు తోచలేదు. పళ్ల మీది ఫ్లోరైడ్ మచ్చ చిన్నతనంలో పడుతుంది, ఎంత తోమినా పోదు. గ్లాసు మీదిది సున్నం. వెనిగర్‌లో గుడ్డ తడిపి రుద్దితే పోయింది. పోకుండా ఉంటే అది గాజే కొరుక్కుపోయిందని అర్థం, దానికిక మందు లేదు. నేను వెంటనే తమ సెట్టింగ్ చివరి మెట్టుకు పెట్టాను. నెలకోసారి నిమ్మ ఉప్పు వేసి, గిన్నెలు లేకుండా, 70 డిగ్రీల మీద తమరికి తలంటు కూడా పోస్తున్నాను. నకిరేకల్ నిమ్మకాయలు మాకు పక్కనే దొరుకుతాయి గానీ ఆ రసం చాలదు. పైగా గింజలు పడితే ఏమవుతుందో నాకు తెలిసొచ్చింది.

నిమ్మగింజతో కాదు, చింతగింజతో.

ఆ రాత్రి పచ్చి పులుసు. పొద్దున తలుపు తెరిస్తే అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు, పైన తేలుతున్న ఉల్లిపాయ పొర. తమరు కీచుకీచుమంటున్నారు. సర్వీసుకు ఫోన్ చేస్తే నల్గొండ అనగానే అవతల గొంతు మారింది. హైదరాబాద్ నుంచి మనిషి రావాలి, వారం పడుతుంది. వంద కిలోమీటర్ల దూరమే. ఆ దారిన మా బత్తాయిలు రోజూ పోతాయి, వాళ్ల మెకానిక్ మాత్రం రాలేడు.

ప్లగ్ పీకాను. గిలాసతో తోడాను. ఇక అందనివి పాత లుంగీతో పిండాను. ఫిల్టర్ మూడు ముక్కలుగా ఊడొచ్చింది. పైన జల్లెడ, మధ్యలో గొట్టం, అడుగున సన్నటి జాలీ. గొట్టంలో అన్నం మెతుకులు, కరివేపాకు ఈనెలు, అవి కలిసి పట్టిన జిగురు. ఆ వాసన రాయను. పాత టూత్ బ్రష్ పెట్టి నల్లా కింద తోమాను. గిన్నెలు తోమనని కొన్న యంత్రానికి ఫిల్టర్ తోముతుంటే మా ఆవిడ గడపలో నిలబడి టీ తాగుతోంది. మాటేమీ అనలేదు. టీ మాత్రం చాలాసేపు తాగింది.

ఫిల్టర్ గుంటలో పక్కకు ఒక చిన్న ప్లాస్టిక్ మూత ఉంది. స్పూను కాడతో లేపితే వచ్చింది. దాని వెనక నీళ్లు బయటికి తోసే పంపు చక్రం. గాజు పెంకులుంటాయని ముందు టార్చి వేసి చూశాను, తర్వాత వేలు పెట్టాను. చక్రం తిరగాలి, లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి కొంచెం ఆగి ఆగి తిరగాలి. అది అసలు కదల్లేదు. రెక్కకూ గోడకూ మధ్య నల్లగా, నున్నగా, అచ్చం మనం చిన్నప్పుడు పచ్చీసు ఆడుకున్న గింజ. హెయిర్ పిన్నుతో లాగితే టక్కున ఎగిరి నా చొక్కా జేబుకు తగిలింది. మళ్లీ వేలు పెట్టి తిప్పితే టకటకమని తిరిగింది. అంత ఖరీదైన దొరవారిని ఒక్క చింతగింజ పడుకోబెట్టింది.

దొరా, ఇక్కడి నుంచి నిన్ను నువ్వు అంటాను. కడుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టినవాడికి ఆ మాత్రం చనువుంటుంది.

నీకు పడనివి ఎన్నో నీకు తెలుసా? అన్నం వండే అల్యూమినియం గంజు పెడితే నీ పొడిలోని క్షారానికి నల్లబడుతుంది. ఇనుప పెనం పెడితే ఏళ్ల తరబడి పట్టిన నూనె పొర లేచిపోయి తుప్పు పడుతుంది. చెక్క గంటె, కవ్వం ఉబ్బి పగులుతాయి. ఇత్తడి చెంబు మెరుపు పోతుంది. అంటే మా అమ్మ వంటిల్లు నీకు పడదు. నిన్ను అనీ ఏం లాభం. 1886లో అమెరికాలో జోసఫిన్ కొక్రేన్ అనే ఆమె మీ పూర్వీకుడికి పేటెంట్ తీసుకుంది. ఆమెకు తోమే కష్టం లేదు, తోమడానికి మనుషులున్నారు. వాళ్ల చేతుల్లో ఖరీదైన పింగాణీ అంచులు విరుగుతున్నాయని ఆమె బాధ. పింగాణీ కోసం పుట్టిన వంశం మీది. సర్వపిండి మాడి అంటుకున్న సర్వను నీ ముందు పెడితే నువ్వు మొహం తిప్పుకోవడం సహజమే.

ఇంకో పక్క అమ్మ. ఎంగిలి గిన్నె నీ లోపల పెట్టడం ఆమెకు నచ్చదు. ప్రతి తలె పీచుతో తోమి, కడిగి, అప్పుడు నీకిస్తుంది. ఆటో ప్రోగ్రాంలో నీళ్లు ఎంత మురికిగా ఉన్నాయో చూసి నువ్వు ఎంతసేపు కడగాలో తేల్చుకుంటావు. తోమిన తలెలు చూసి, ఇవాళ పని లేదులే అని చప్పున ముగించేస్తావు. అడుగున నక్కిన గటక గిన్నె ఎట్లా పెట్టామో అట్లాగే బయటికొస్తుంది. మెతుకులు దులిపి పెట్టు చాలు, పొడిలో ఉండే ఎంజైములు పిండిని, మాంసపు మరకను అవే తింటాయి అని చెప్పాను. "మరి నీ దొర తినంగ మిగిలిన తలెల నేను తినాల్నా?" అంది. దీనికి పుస్తకంలో జవాబు లేదు.

ఎకో ప్రోగ్రాం పెడితే మూడు గంటలు దాటిస్తావు. నీళ్లు తక్కువ వేడి చేసి, ఆ లోటు టైముతో పూడుస్తావని నాకు తెలుసు. అమ్మకు మాత్రం నువ్వు నీళ్లాడుతూ పడుకున్నట్టే ఉంటుంది. "నాలుగు తలెలకు మూడు గంటలా? గంతల నేను మిర్యాలగూడ పోయొద్దును" అంటుంది.

నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకుంటాను. పొడి అయిపోయిన రోజు సింక్ దగ్గరి లిక్విడ్ రెండు చెంచాలు పోశాను. ఆ నురుగు తలుపు సందుల్లోంచి వచ్చి, వంటిల్లు దాటి, హాల్లో సోఫా కాళ్లు పట్టుకుంది. కొంత నీ అడుగు పళ్లెంలోకి దిగి, లీకు కనిపెట్టడానికి అక్కడుండే తేలే బిళ్లను లేపింది. ఇంకేముంది, లీకు లీకు అని పంపు ఒక్కటే కొట్టుకుంటూ మొండికేశావు. నేను, మా తమ్ముడు నిన్ను ముందుకు వంచి, పళ్లెం ఖాళీ చేసి, లేపి నిలబెట్టాం. లతీఫ్ సాబ్ గుట్ట మెట్లు ఎక్కినప్పుడు కూడా నాకంత ఆయాసం రాలేదు.

ట్యాంకు గొడవ వేరే. పది మీటర్ల ఎత్తు నీళ్లుంటే ఒక బార్ ఒత్తిడి. మా ట్యాంకు నీకు మూడు మీటర్ల పైన, అంటే 0.3. నీకు కనీసం 0.5 కావాలి. నీళ్లు రావట్లేదని నల్లా బొమ్మ వెలిగించి కూర్చునేవాడివి. వారం అన్న సర్వీసు అబ్బాయి తొమ్మిదో రోజు వచ్చి, పైపు విప్పి, చివర్లో ఉన్న చిన్న జాలీలోంచి చిటికెడు బోరు ఇసుక తీసి చూపించి, ట్యాంకు కూడా ఎత్తు చాలదన్నాడు. ఇప్పుడు నీ కోసం మిద్దె మీద ఇనుప స్టాండు కట్టించి ట్యాంకును ఎక్కించాం. వీధి చివరి నుంచే కనబడుతుంది. గడీ బురుజు లాగా.

మెచ్చుకోవాల్సింది కూడా ఒకటుంది. ఎండాకాలం బోరు గుటకలు మింగే రోజుల్లో ఒక్క విడతకు పది లీటర్లతో సరిపెట్టావు. నేను నల్లా వదిలేసి తోమితే అంతకంటే ఎక్కువే పోతాయి. మా ఆవిడ ఇది విని, "నల్లా కట్టేసి తోమితే?" అంది. ఆమె లెక్కల టీచర్.

ఇది రాస్తుండగానే నీ ఉప్పు దీపం మళ్లీ వెలిగింది. సంచిలో ఒక పూటకు సరిపడా ఉంది. వచ్చే ఆదివారం అక్కావాళ్లు, చెల్లెలువాళ్లు కలిసి పదిహేను మంది వస్తున్నారు. బగారా అన్నం, తలకాయ కూర. గంజు అమ్మ చూసుకుంటుంది. గంటెలు నీళ్లు చిమ్ముతూ తిరిగే నీ చెయ్యికి అడ్డం పడకుండా నేనే సర్దుతాను, రెక్క తిరుగుతుందో లేదో వేలితో తోసి చూస్తాను, దాని బెజ్జాల్లో ఆవాలుంటే చీపురు పుల్లతో తీస్తాను. పచ్చి పులుసు వద్దని చెప్పాను, వినలేదు. ఏడాదిన్నరగా మా ఉప్పు కిలోలకు కిలోలు తిన్నావు. విశ్వాసం ఏపాటిదో ఆదివారం చూద్దాం.

ఇట్లు,
చింతగింజ జేబులోనే పెట్టుకుని తిరుగుతున్న
నీ బాంచన్