ఒకే ఫ్లోషీట్‌లో మూడు మోడళ్లా?

తిరుపతిలో ఎం.టెక్ చదివే సుధ, చిత్తూరు వైపు చెరకు పండుతుంది కదా అని, మొలాసిస్ నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు ఫ్లోషీట్‌ను, అంటే యంత్రాలు, వాటిని కలిపే ప్రవాహాల పటాన్ని, డీడబ్ల్యూసిమ్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో కట్టింది. పదార్థాల గుణాలు లెక్కగట్టే మోడళ్లుగా డిస్టిలేషన్‌కు ఎన్ఆర్‌టీఎల్, పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను నొక్కే కంప్రెసర్‌కు పెంగ్-రాబిన్సన్, బాయిలర్‌కు స్టీమ్ టేబుల్స్ వాడింది. డిజైన్ పనిలో ఆరితేరిన మునిరత్నం ఒప్పుకోలేదు.

మునిరత్నం: ఒక ఫ్లోషీట్‌కు ఒకే మోడల్ ఉండాలమ్మా. మూడు పెడితే హీట్ బ్యాలెన్స్ ఎలా నిలుస్తుంది?

సుధ: ఒకటే అంటే ఏది పెట్టాలో చెప్పండన్నా. ఇథనాల్, నీళ్లు మామూలు వాతావరణ పీడనంలో 78.2 డిగ్రీల దగ్గర, బరువులో 95.6 శాతం ఇథనాల్‌తో అజియోట్రోప్ అవుతాయి, అంటే అక్కడ ద్రవం, ఆవిరి రెండింటి కూర్పూ ఒకటే. డిస్టిలేషన్ కాలమ్ ఎంతవరకు వేరు చేయగలదో ఆ బిందువే తేలుస్తుంది. 1976 నాటి పెంగ్-రాబిన్సన్ హైడ్రోకార్బన్లకు బాగా పనికొస్తుంది గానీ, హైడ్రోజన్ బంధాలున్న ఈ జంటను ఉన్నదున్నట్టుగా పట్టలేదు.

మునిరత్నం: అయితే అంతా ఎన్ఆర్‌టీఎల్‌తోనే కానియ్యి.

సుధ: అది ద్రవాల మోడల్. కార్బన్ డయాక్సైడ్ క్రిటికల్ ఉష్ణోగ్రత 31 డిగ్రీలు. మే నెలలో మన తిరుపతి ఎండే 40 దాటుతుంది. ఆ వేడిలో ఎంత నొక్కినా అది ద్రవం కాదు. కంప్రెసర్‌లో ఎన్ఆర్‌టీఎల్‌కు పనేముంది?

మునిరత్నం: 1992లో వాంగ్, శాండ్లర్ ఇచ్చిన మిక్సింగ్ రూల్, అంటే మిశ్రమాలకు లెక్కేసే సూత్రం, ఉందిగా. పెంగ్-రాబిన్సన్ లోపలికే ఎన్ఆర్‌టీఎల్ లెక్కను తెచ్చుకోవచ్చు.

సుధ: మంచి దారే. కానీ ఇథనాల్‌తో పాటు వచ్చే ఇతర ఆల్కహాల్స్, అదే ఫ్యూజల్ ఆయిల్‌లోని ప్రతి జంటకూ దానికి సరిపడే పారామీటర్లు ఎక్కడ తేను?

మునిరత్నం: సరే, 25 డిగ్రీల నీళ్లు తీసుకో. మూలకాల నుంచి లెక్కేసే మోడల్‌లో ఎంథాల్పీ, అంటే పదార్థంలోని వేడి లెక్క, మోలుకు −285.8 కిలోజౌల్స్. స్టీమ్ టేబుల్స్‌లో దాదాపు +1.9. నీళ్లు అవే, మారింది సున్నా ఎక్కడ పెట్టారన్నదే. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేశావంటే లేని వేడి పుట్టుకొస్తుంది.

నా దృష్టిలో ఈ వాదన మొత్తంలో బరువైన మాట ఇదే. చాలామంది దీన్ని చూడకుండానే రన్ బటన్ నొక్కేస్తారు.

సుధ: అందుకే మోడల్ మారేచోట ఎంథాల్పీని దాటనివ్వను. ఫ్లో, కూర్పు, ఉష్ణోగ్రత, పీడనం మాత్రమే అవతలికి వెళ్తాయి. బాయిలర్ నుంచి, కాలమ్ అడుగున ద్రవాన్ని మరిగించే రీబాయిలర్‌కు తీసుకునేది హీట్ డ్యూటీ, అంటే అందించే వేడి, ఒక్కటే. అది రెండు ఎంథాల్పీల తేడా కాబట్టి సున్నా ఎక్కడున్నా ఒకటే.

మునిరత్నం: గ్యాస్‌ను నీటితో కడిగే స్క్రబ్బర్ నుంచి వచ్చే గ్యాస్ తడిగా, సరిగ్గా డ్యూ పాయింట్ మీద, అంటే ఆవిరి నీరవడం మొదలయ్యే చోట ఉంటుంది. ఒక మోడల్ అంతా ఆవిరంటే, రెండోది కొంత నీరైందంటుంది. ఆ లేటెంట్ హీట్ ఏమైనట్టు?

సుధ: అక్కడ మార్చను. బ్లోయర్ దాటాక మారుస్తాను. అప్పటికి గ్యాస్ వేడెక్కి డ్యూ పాయింట్‌కు బాగా పైన ఉంటుంది.

మునిరత్నం: మరి రీసైకిల్, అంటే వెనక్కి తిప్పే స్ట్రీమ్?

సుధ: కాలమ్ రీసైకిల్ అంతా ఎన్ఆర్‌టీఎల్ లోపలే తిరుగుతుంది. కంప్రెసర్‌కు వెళ్లిన గ్యాస్ వెనక్కి రాదు.

మునిరత్నం: అయితే బ్లోయర్ తర్వాతి స్ట్రీమ్‌ను రెండు మోడళ్లలోనూ ఫ్లాష్ చెయ్యి, అంటే ఎంత ఆవిరో ఎంత ద్రవమో లెక్కెయ్యి. రెండింటిలోనూ పూర్తిగా ఆవిరే అని వస్తే ఒప్పుకుంటాను.