ఫోన్లో అడగలేని ప్రశ్నలు
కరోనా కాలంలో క్షేత్ర పరిశోధన, అంటే ఊళ్లకు వెళ్లి మనుషుల్ని కలిసి చేసే పరిశోధన, మొత్తం ఫోన్లోకి మార్చుకోవచ్చని మీ వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టేనాటికి నేను శ్రీకాకుళం తీరంలో వలస మత్స్యకారుల కుటుంబాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇక్కడివాళ్లు, విజయనగరం వాళ్లు వేలమంది గుజరాత్‌లోని వేరావల్‌లో బోట్ల మీదే చిక్కుకుపోయారు. ఏప్రిల్ ఆఖర్లో గానీ వాళ్లను ఇంటికి చేర్చే బస్సులు కదల్లేదు. అలాంటప్పుడు ప్రశ్నావళి పట్టుకుని ఎవరిని అడుగుతాం? ముందు వాళ్ల క్షేమం, తర్వాతే మన చదువు.

ఇంటికో ఫోను. మోగితే స్పీకర్ ఆన్ చేస్తారు. పక్కనే అత్తగారు, పిల్లలు. బోటు యజమాని దగ్గర మొగుడు తీసుకున్న అడ్వాన్సు గురించి కోడలు అందరి ముందూ ఏం చెబుతుంది? అందుకే అప్పుల ప్రశ్నలు ఫోన్లో అడగడం మానేశాను. వీలున్నప్పుడు వాయిస్ మెసేజ్ పెట్టమన్నాను. చేపలు ఎండబెడుతూ ఒకావిడ పంపిన దాంట్లో, మధ్యమధ్య కాకుల్ని అదిలిస్తూనే, ఆ అడ్వాన్సు సంగతంతా తనే చెప్పేసింది. అనుమతి పత్రం చదివి వినిపించి, ఒప్పుకోలు గొంతుతోనే రికార్డు చేసుకున్నాను. రీఛార్జి డబ్బులు మాత్రం పరిశోధకులే వెయ్యాలి, ఇది గట్టిగా చెబుతున్నా.

ఆ రోజుల్లో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) థీసిస్ గడువు పెంచింది గానీ ఫెలోషిప్‌ని, అంటే పరిశోధకులకిచ్చే నెలనెలా భృతిని, 5 ఏళ్లు దాటనివ్వలేదు. దాని గురించి కూడా రాయండి సార్.