సవరణ: ఆలిస్ కోబర్ సహాయకురాలు కాదు

మొన్న లీనియర్ బి లిపి (మూడు వేల ఏళ్లకు పైగా కిందట క్రీట్, గ్రీసుల్లో మట్టి పలకల మీద రాసిన లిపి) గురించి పెట్టిన పోస్టులో, దాని గుట్టు విప్పి చదివిన బ్రిటిష్ ఆర్కిటెక్ట్ మైకేల్ వెంట్రిస్‌కి ఆలిస్ కోబర్ సహాయకురాలని రాశాను. అది తప్పు. ఆమె న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీలో పాఠాలు చెబుతూ, రాత్రిళ్లు సొంతంగా ఈ లిపి మీద కూర్చున్న పండితురాలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కాగితం దొరక్క గ్రీటింగ్ కార్డుల వెనక వైపు, దొరికిన చిత్తు కాగితాల మీద గుర్తులు రాసుకుని, ఆ ముక్కల్ని సిగరెట్ డబ్బాల్లో దాచుకున్నారు.

ఆమె పట్టుకున్న కిటుకు మనకు సులువుగానే అర్థమవుతుంది. రాముడు, రాముడి అన్నప్పుడు చివర హల్లు ఒకటే, అచ్చు మారింది. లీనియర్ బిలో ‘డు’ గుర్తుకీ ‘డి’ గుర్తుకీ పోలికే ఉండదు, మన గుణింతంలా కాదు. అయినా మాటల చివర్లు ఎలా మారుతున్నాయో చూసి, ఏ గుర్తుల్లో హల్లు ఒకటో ఆమె తేల్చారు. ఒక్క గుర్తుకైనా శబ్దం తెలియకుండానే! వెంట్రిస్ ఆ దారినే ముందుకెళ్లి, 1952లో ఆ లిపిలో రాసింది గ్రీకు భాషేనని ప్రకటించాడు. కోబర్ 1950లోనే పోయారు.

ఇంకోటి. ఈ లిపి రాసిన మట్టి పలకల్ని దాచడానికే కాల్చారని రాశాను. కాదు, వాటిని ఎండబెట్టి వదిలేసేవారు. రాజభవనాలు తగలబడినప్పుడు ఆ మంటల్లో కాలి గట్టిపడబట్టే మిగిలాయి.

పాత పోస్టులో రెండూ సరిచేశాను.