వైఫల్య సమీక్షా సమావేశం గారి సముఖానికి

మహారాజశ్రీ సమీక్షా సమావేశం గారికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి. పని చెడిన ప్రతిసారీ మా కార్యాలయంలో తమరు కొలువు తీరడం, మొదటి స్లైడుగా సతీష్ ధవన్ గారి కథ చూపించడం, బిస్కెట్ల పళ్లెం ఖాళీ అయ్యేలోగా ఎవరో ఒక జూనియర్ ఇంజినీరు పేరిట సంజాయిషీ నోటీసు సిద్ధం కావడం ఆనవాయితీ అయినందున, ఆ మొదటి స్లైడుకూ ఈ చివరి నోటీసుకూ గల బంధుత్వమేమిటో తెలుసుకోగోరి ఈ లేఖ రాస్తున్నాను.

కథ మాకు కంఠతా వచ్చు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు రెండో దశలో అదుపు తప్పి బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. పత్రికలవారి ముందుకు మాత్రం ఇస్రో ఛైర్మన్ ధవన్ వెళ్లి, వైఫల్యాన్ని తన మీద వేసుకొని, తన బృందం మీద నమ్మకముందని చెప్పారు. మరుసటి ఏడు జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చినప్పుడు విలేకరులతో మాట్లాడమని కలాంను ముందుకు పంపారు. ఇక్కడ తమరు చప్పట్లు కొట్టిస్తారు. ఆ చప్పట్లు తనకేనన్నట్టు మా పై అధికారి వినయంగా తల వంచుతారు.

తమరు దీన్ని పెద్దమనిషి ఔదార్యంగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో ఔదార్యం కన్నా పనితనమే ఎక్కువ కనబడుతుంది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు మూసుకోకపోవడం వల్ల నైట్రిక్ ఆమ్లం కారిపోయిందన్న సంగతి దానంతటది పైకి రాదు. ఆ వాల్వును అమర్చినవారూ, పరీక్షించినవారూ, ప్రయోగాన్ని కంప్యూటరు ఆపమన్నా ముందుకు పోవచ్చని సలహా ఇచ్చినవారూ నోరు విప్పితేనే వస్తుంది. నోరు విప్పినవాడి ఉద్యోగానికే ఎసరు వస్తుందని తెలిసిన చోట అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. ధవన్ విలేకరుల ముందు నిలబడి కాపాడింది తన శిష్యుడి పరువును మాత్రమే కాదు, ఆ వాల్వు గురించిన నిజాన్ని కూడా.

శిష్యుడు ఏం నేర్చుకున్నాడో తమ స్లైడులో ఉండదు. ప్రయోగానికి కొద్ది నిమిషాల ముందు కంప్యూటరు ఆగమన్నదనీ, నిపుణుల మాట విని దాన్ని పక్కన పెట్టింది తానేననీ కలాం రాష్ట్రపతి పదవి ముగిశాక కూడా వేదికల మీద చెప్పుకున్నారు. తమ మినిట్స్ పుస్తకాల్లో ఏ పై అధికారి సంతకంతోనైనా అలాంటి వాక్యం ఉంటే దయచేసి చూపించండి, పటం కట్టిస్తాను. తప్పును దిద్దుకోవడం వేరు, ఆ తప్పుకు దారితీసిన నియమాన్నే ప్రశ్నించడం వేరని హార్వర్డ్ ఆచార్యుడు క్రిస్ ఆర్గిరిస్ 1970లలోనే వివరించారు. వాల్వు మార్చడం మొదటిది. హెచ్చరికను ఎవరు, ఏ ఆధారంతో కాదనవచ్చో తిరగరాసుకోవడం రెండోది. తమరు మొదటిదాని దాకా కూడా రారు. వాల్వు పక్కన నిలబడినవాడిని మార్చి, చర్య తీసుకున్నట్టు నివేదిక పంపుతారు.

పైగా తమ కథ 1980 దగ్గరే ఆగిపోతుంది. ధవన్ 1984లో ఛైర్మన్ పదవి నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత 1987లో, 1988లో ఏఎస్‌ఎల్‌వీ రాకెట్టు, 1993లో పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు తొలి ప్రయోగం విఫలమయ్యాయి. ముందుకొచ్చి నిందను మోయడానికి ఆయన కుర్చీలో లేని ఆ రోజుల్లోనే అసలు పరీక్ష: గురువు చేసి చూపింది సంస్థకు అలవాటుగా మారిందా, లేక ఆయనతోనే పదవీ విరమణ చేసిందా? 1994లో పీఎస్‌ఎల్‌వీ కక్ష్యను అందుకుంది, 2008లో చంద్రయాన్-1ను మోసుకెళ్లింది. విజయానికి ముందున్న ఈ ఓటములకు కూడా తమరు ఒక స్లైడు కేటాయిస్తే, మాకు మరో పావుగంట కూర్చోవడానికి అభ్యంతరం లేదు.

కథను తీసేయమని నేను కోరడం లేదు. క్రమం మార్చమని మాత్రమే నా విన్నపం: వచ్చే సమావేశంలో ముందుగా సంజాయిషీ నోటీసు చదివించి, ఆ వెంటనే ధవన్ గారి స్లైడు వేయించండి. అప్పుడు ఎవరెవరు చప్పట్లు కొట్టారో మినిట్స్‌లో పేర్లతో సహా నమోదు చేయించగలరు.

ఇట్లు,
తమ హాజరు పట్టికలో చివరి వరుస సంతకందారు